తోడికోడలి అరచేయి

జమాలెక్ చెత్తకి వాసన వేరు. ముకట్టం కొండ కింద ఏళ్ళ తరబడి నేలమీద చతికిలబడి చెత్త ఏరిన ఆడదెవరైనా కళ్ళు మూసుకుని ఆ మాట చెప్పగలదు. పేదల పేటల నుంచి వచ్చే సంచిలో ఉల్లిపొట్టు, టీ పిప్పి, బూడిద తప్ప మరేమీ ఉండవు. పాపం వాళ్ళు ఏ వస్తువునైనా నాలుగు రకాలుగా వాడి, ఇక ఎందుకూ పనికిరాదని తేలాకే పారేస్తారు. జమాలెక్‌లో నది ఒడ్డు మేడలవాళ్ళకి అంత ఓపిక లేదు. సగం తిన్న కేకులు, సబ్బు వాసన వేసే సీసాలు, మూతైనా తియ్యని పెరుగు డబ్బాలు, అన్నీ ఒకే సంచిలో కుక్కి వెనక మెట్ల మీద పెడతారు.

గురువారం పొద్దెక్కేసరికి లబీబ్ సందులోకి బండిని వెనక్కి నడుపుకుంటూ వచ్చి పెరటి గుమ్మం ముందు ఆపాడు. అతని భార్య బదీఆ అప్పటికే తలకి గుడ్డ బిగించి, గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. అతను సంచులు కిందికి దొర్లించి, రెండు కుప్పలుగా వేసి, "ఇవి మనవి, అవి అన్నయ్యవి" అని చెయ్యి చూపించి మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

నిజానికి ఆ మేడలు లబీబ్‌వి కావు. చెత్త ఎత్తేవాళ్ళలో ఎవరి మెట్లు వాళ్ళవే. ఒకడు చెత్త మోసే మెట్లు ఇంకొకడు ఎక్కడు. తండ్రి పోతే కొడుక్కి వస్తాయి, పొలం వచ్చినట్టే. జమాలెక్‌లో ఆ మూడు మేడల మెట్లు లబీబ్ అన్న వదీవి. చర్చిలో పాటించే పెద్ద ఉపవాసాలకు ముందు, తడిసిన మెట్ల మీద వీపున నిండు బుట్టతో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. చర్చి ఫాదరు అబూనా బూలుస్ ఇంటికి వచ్చి అన్నదమ్ములిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. అన్న లేచి తిరిగేదాకా తమ్ముడు ఆ మెట్లు ఎక్కాలి, వచ్చిన సరుకు రెండిళ్ళూ సగం సగం పంచుకోవాలి అన్నాడు. అందరూ సరేనన్నారు. టీ గ్లాసులు అందిస్తూ బదీఆ కూడా సరేనంది.

ఇప్పుడు ఆవిడ ముందు తమ కుప్పలోంచి ఒక సంచి లాక్కుని విప్పింది. సీసాలు కుడివైపు, డబ్బాలు ఎడమవైపు, గాజు వెనక్కి, తిండి పందుల దొడ్డివైపు. ఏ ప్లాస్టిక్ గట్టిదో ఏది మెత్తదో చూడక్కర్లేదు. వేలితో నొక్కితే తెలిసిపోతుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళు మాత్రం రెండో కుప్ప మీదే ఉన్నాయి. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. లబీబ్ మంచమెక్కి ఉంటాడు. బదీఆ మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి అన్నగారి కుప్పలోంచి ఒక సంచి విప్పింది. సీసాలు తీసింది. రేకు డబ్బాలు తీసింది. మిగిలింది దులిపి మళ్ళీ ముడేసింది. తర్వాత ఇంకోటి విప్పింది.

మొదట్లో ఇంత లేదు. మొదటి వారం పైపైన కనిపించిన సీసాలే తీసింది. బండి మాది, మెట్లెక్కే నడుం మా ఆయనది, ఆమాత్రం కూలి మాకు రావద్దా అనుకుంది. అనుకున్నాక అది నిజమే అనిపించింది. తర్వాత రేకు డబ్బాలు, ఆ తర్వాత గాజు. ఇప్పుడు తోడికోడలికి వెళ్ళే సంచుల్లో మెతుకులూ తడి కాగితాలూ తప్ప ఏమీ ఉండటం లేదు.

తీసిన సరుకేదీ అమ్మనైనా లేదు. గోనెల్లో కుక్కి తమ ఇంటి మేడ మీద, కోళ్ళ గూటి వెనక దాచింది. దానికో కారణం ఉంది. బదీఆ సొంత అన్న నగీబ్ దగ్గర ప్లాస్టిక్ నలిపే మిషన్ ఒకటి ఖాళీగా ఉంది. చేతినిండా మంచి సరుకొచ్చే ఇంట్లో దాన్ని పెట్టి, వచ్చింది చెరిసగం చేసుకుందామని అతని ఆలోచన. మిషన్ పని నిలబడి చేసే పని. మోకాళ్ళు మడవక్కర్లేదు, తల వంచక్కర్లేదు. నిలబడి పని చేయడమన్నది బదీఆకి ఎంత పెద్ద కోరికో లబీబ్‌కి కూడా పూర్తిగా తెలియదు.

రెండిళ్ళ పెరళ్ళ మధ్య గోడలో చిన్న రేకు తలుపు ఉంది. ఆవిడ సంచులు అక్కడికి ఈడ్చి తలుపు తట్టింది. వదీ భార్య దిమ్యానా వచ్చి తీసింది. వయసులో పెద్దది, పొడుగు మనిషి. సంచి ఎత్తి బరువు చూసుకుని ఒకసారి ఆడించింది, సీసాల చప్పుడు లేదు.

"జమాలెక్ వాళ్ళు నీళ్ళు తాగడం మానేశారేమిటే?"

"వాళ్ళ సంగతి మనకెందుకక్కా."

"అదీ నిజమేలే. దోసిళ్ళతో తాగుతున్నారేమో," అని దిమ్యానా సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

బదీఆకి చెవులు వేడెక్కాయి. తలుపు వేసేసి, ఈవిడ మాటకి తలా తోకా ఉండవు ఎప్పుడూ అని గొణుక్కుంది.

మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టింది. లబీబ్ రొట్టె ముక్క గిన్నెలో ముంచి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ఇద్రీస్ మామ ఒక మాట అడిగాడు," అన్నాడు. ఇద్రీస్ ఆ మేడల కాపలాదారు. వెనక తలుపు తాళాలు అతని నడుముకే వేలాడుతుంటాయి.

"ఏం మాట?"

"కుంటికాలితో మీ అన్న ఇక ఎక్కలేడని పైనున్న పెద్దమనుషులు అంటున్నారట. నువ్వు ఊ అంటే ఇక నీ పేరే ఖాయం చేస్తాను, మీ వాళ్ళకి నేను సర్ది చెప్తాను అన్నాడు. సోమవారం చెప్పమన్నాడు."

బదీఆ మొహం మాత్రం మామూలుగానే పెట్టుకుంది. "నువ్వేమన్నావు?"

"ఏమంటాను, చూద్దామన్నాను. నువ్వు చెప్పు."

"నన్నడుగుతావేం? ఎక్కేది నువ్వా నేనా?"

"ఏరేది నువ్వుగా," అన్నాడు లబీబ్. అతనెప్పుడూ ఇంతే. ఇష్టంలేని పని ఏదైనా సరే తెచ్చి భార్య ఒళ్ళో పెడతాడు. ఇష్టమైన పని కూడా. ఇది రెండిట్లో ఏదో ఆవిడకి అర్థం కాలేదు.

శుక్రవారం నగీబ్ వచ్చాడు. చేతిలో కొలటేపు. చెల్లెల్ని పలకరించకముందే పెరటి మూల కొలిచాడు, గోడ కొలిచాడు, కోళ్ళు పారిపోయేలా కాళ్ళు చాచి నడిచాడు.

"ఇక్కడ పెడదాం. కరెంటు తీగ పైనుంచి లాగొచ్చు. మెట్ల సంగతి తేలిందా?"

"సోమవారం తేలుతుంది."

"తేలేదేముంది? మీ బావగారు కర్ర లేకుండా పొయ్యిదాకా నడవలేడు. దేవుడు తలుపు తీస్తే కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాలి గాని గుమ్మంలో నిలబడి ఆలోచిస్తారా?"

"అబూనా ఏమంటాడో మరి."

"అబూనా మెట్లెక్కుతాడా ఏంటి?" అని నవ్వాడు నగీబ్. "మీ బావగారికి నెలకింత అని చేతిలో పెట్టండి. కడుపునిండా తిని కూర్చుంటాడు. అన్యాయం ఎవరికి జరుగుతుంది చెప్పు?"

ఎవరికీ జరగదు. బదీఆ అలాగే అనుకుంది. ఆ రోజంతా పనిలో కూర్చుని మాటిమాటికీ పెరటి మూలవైపు చూసింది. అక్కడ మిషన్ ఉన్నట్టే ఉంది. దాని ముందు తను నిలబడి ఉన్నట్టే ఉంది. చిన్న కూతురు ఆటల నుంచి వచ్చి, "అమ్మా, ఎందుకు నవ్వుతున్నావు?" అని అడిగింది.

శనివారం సాయంత్రం కోళ్ళకి మేత వెయ్యడానికి మేడ ఎక్కింది. పక్కింట్లోంచి ఏదో చప్పుడు వస్తోంది. ఒక అడుగు, ఒక ఈడ్పు, కొంచెం ఆగి మళ్ళీ అడుగు, ఈడ్పు. గోడ మీదుగా తొంగి చూసింది.

వదీ బయటి మెట్లు ఎక్కుతున్నాడు. వీపున చెత్త మోసే పెద్ద బుట్ట. అందులో ఇటుకలు. మంచి కాలు పై మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని, రెండో కాలిని లాక్కుంటున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనకే దిమ్యానా, రెండు చేతులూ బుట్ట అడుగున ఆనించి పట్టీ పట్టనట్టు పెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతోంది.

"నెట్టకే. నేనే ఎక్కాలి," అన్నాడు వదీ రొప్పుతూ.

"నేనెక్కడ నెడుతున్నాను? నువ్వు పడితే నా మీద పడాలిగా, అందుకని."

"జమాలెక్‌లో నువ్వుండవు."

"ఉండను. అందుకే ఇక్కడ పడిపో ఎన్నిసార్లు పడాలో."

వదీ నవ్వబోయి దగ్గాడు. పైకి చేరాక బుట్ట దించలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ దిగడం మొదలుపెట్టాడు. బదీఆ గబుక్కున కూర్చుండిపోయింది. చేతిలోని మేత ఒళ్ళోనే ఒలికింది. వెనక కోళ్ళ గూటి పక్కన తన గోనెలు గోడంత ఎత్తున ఉన్నాయి. వాటివైపు చూడకుండా కిందికి దిగి, ఆ రాత్రి అన్నం సయించలేదని చెప్పి పడుకుంది.

ఆదివారం చర్చిలో జనం కిటకిటలాడుతున్నారు. కుడివైపు ఆడవాళ్ళ బల్లల్లో చోటు లేక బదీఆ నిలబడే ఉంది. ఎవరో జరిగి చోటిచ్చారు. కూర్చున్నాక చూస్తే పక్కన దిమ్యానా. తెల్ల ముసుగు నుదుటిదాకా లాక్కుని, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. బదీఆ కూడా ముసుగు సర్దుకుంది. ధూపం పొగలో అబూనా గొంతు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. ఆ రోజు వాక్యం ఆస్తి పంచిపెట్టమని అడిగిన తమ్ముడి గురించి. కావాలని చదివాడో, వరసలో వచ్చిందో, బదీఆ విననట్టే కూర్చుంది.

తర్వాత పూజలో సాయపడే డీకన్ పిలిచాడు, ఒకరికొకరు శాంతి చెప్పుకోండని. బల్లల మీద అందరూ పక్కకి తిరిగారు. వాళ్ళ చర్చిలో ఇది ప్రతి ఆదివారం జరిగేదే. ఎదుటివాళ్ళ అరచేతులకి అరచేతులు తాకించి, ఆ వేళ్ళు పెదవులకి ఆనించుకోవడం. ఎవరి మీదైనా మనసులో కోపముంటే అక్కడ దించుకోవాలి. దించుకోకుండా ప్రభువు రొట్టె అందుకునే బల్ల దగ్గరికి వెళ్ళకూడదు.

దిమ్యానా తిరిగి రెండు చేతులూ చాచింది. బదీఆ తన చేతులు అందులో పెట్టింది.

మెత్తగా ఉన్నాయి.

బదీఆకి ఒక్క క్షణం అర్థం కాలేదు. చెత్త ఏరే ఆడదాని చేతులు ఎలా ఉంటాయో ఆవిడకి తెలియక కాదు. ఇన్నేళ్ళుగా, ప్రతి ఆదివారం, ఈ చేతులే పట్టుకుంది. రేకు కోసిన గీతలు, గాజు గుచ్చిన మచ్చలు, గరుకు చర్మం. తన చేతుల మీద నిన్నటి గాయం ఇంకా ఎర్రగా ఉంది. దిమ్యానా చేతుల మీద ఒక్క కొత్త గీత లేదు. పాతవి మానిపోయి, చర్మం కొత్తగా లేచి, పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. రేకు లేదు కోసుకోవడానికి. గాజు లేదు గుచ్చుకోవడానికి. తను పంపిన సంచుల్లో కోసేదేదీ మిగల్చలేదు.

దిమ్యానా వేళ్ళు పెదవులకి ఆనించుకుంది. "శాంతి," అంది మెల్లగా. బదీఆ తన వేళ్ళు పెదవులకి ఆనించుకోకుండానే చేతులు కిందికి దించేసింది.

ప్రభువు భోజనానికి వరస కట్టినప్పుడు అలవాటుగా వెళ్ళి నిలబడింది. ముందు దిమ్యానా. ఒక్కో అడుగూ జరుగుతోంది. అబూనా చేతిలో గిన్నె కనిపించేంత దగ్గరికి వచ్చాక బదీఆ పక్కకి తప్పుకుని, వెనకున్నవాళ్ళని పొమ్మని సైగ చేసి, తను కూర్చున్న బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూశారు. చూడనీ అనుకుంది.

ఇంటికి వెళ్ళాక లబీబ్ బూట్లు విప్పుకుంటుంటే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఇద్రీస్ మామకి బావగారి పేరు చెప్పు."

అతను తలెత్తాడు. "మరి మిషను?"

"మిషను రాకపోతే చచ్చిపోం."

లబీబ్ రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు. "నువ్వు మనమే ఉంచేసుకుందాం అంటావేమోనని భయపడ్డాను."

"అంటే ఏం చేసేవాడివి?"

"ఉంచేసుకునేవాణ్ణి. అదే నా భయం."

బదీఆకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ మనిషి ఇన్నేళ్ళలో ఇంత సూటిగా మాట్లాడింది ఇదే మొదటిసారి. కానీ అసలు సంగతి అతనికి చెప్పలేదు. ముందు వినాల్సిన మనిషి వేరే ఉంది.

సాయంత్రం నగీబ్ వచ్చి కబురు విని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా నోరు నొప్పెట్టేలా చెప్పాను. నీకు బుర్ర ఉందా? జన్మంతా చెత్తలోనే చతికిలబడు."

"పడతాలే అన్నయ్యా. టీ తాగి వెళ్ళు."

"నీ టీ నువ్వే తాగు. మిషను కావాలని ఇంటికొచ్చి అడిగేవాళ్ళు నలుగురున్నారు."

"మంచిది. అందులో ఒకళ్ళకి ఇయ్యి."

అతను కొలటేపు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక పెరటి మూలవైపు చూస్తే అది మామూలు మూలలాగే ఉంది, రెండు పగిలిన బకెట్లూ, కోడిపెట్టా. బాధ లేదని కాదు. ఆ మూల కోసం ఎంతో ఆశపడింది. కాని ఛాతీ మీది బండ ఎవరో తీసేసినట్టు ఊపిరి ఆడుతోంది.

సోమవారం అన్నదమ్ములిద్దరూ కలిసి బండిలో జమాలెక్ వెళ్ళారు. వాళ్ళు వెళ్ళగానే బదీఆ మేడ మీదినుంచి గోనెలు దించడం మొదలుపెట్టింది. తలకెత్తుకుని కొన్ని, ఈడ్చుకుంటూ కొన్ని. అన్నీ రేకు తలుపు ముందు వరసగా పెట్టేసరికి చెమటతో తడిసిపోయింది. తలుపు తట్టింది.

దిమ్యానా తీసింది. గోనెలవైపు చూసింది. తోడికోడలి మొహం వైపు చూసింది.

"అక్కా, ఇవి నీవి," అంది బదీఆ. గోనెలు దించుతూ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నీ సంచులు విప్పి తీశాను. రోజూ తీశాను. మొదట సీసాలు, తర్వాత అన్నీ. ఆయనకి తెలీదు. మరియమ్మ తల్లి మీద ఒట్టు, ఆయనకేమీ తెలీదు."

దిమ్యానా ఒక గోనె మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టింది. ఒక సీసా బయటికి తీసి అటూ ఇటూ తిప్పింది.

"అయితే తాగుతూనే ఉన్నారన్నమాట, జమాలెక్ వాళ్ళు."

"నీకు తెలుసా?"

"మొదటి వారం నుంచీ తెలుసు. పెద్దిళ్ళ పనిమనుషులు సంచికి రెండు చెవుల ముడి వేస్తారు. నువ్వు చుట్టచుట్టి లోపలికి దోపుతావు. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నాను నీ ముడి, గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"బావగారికి చెప్పావా?"

"చెప్తే కర్ర పట్టుకుని వచ్చుండేవాడు. కాలిరిగింది చాలదా, అన్నదమ్ముల మధ్య ఇంకోటి కూడా విరగాలా?" దిమ్యానా సీసా గోనెలో పడేసింది. "నాకు మాత్రం కోపం రాలేదనుకున్నావా? ఎన్నిసార్లు ఈ తలుపు దాకా వచ్చానో నీ జుట్టు పట్టుకుందామని. పిల్లలకి రొట్టెలోకి జున్ను కొనలేని రోజు కూడా వచ్చాను."

బదీఆ గోడకి ఆనుకుని కిందికి జారింది. మొహం ముసుగులో దాచుకుంది. "ఒక్కసారి అడిగుంటే అప్పుడే ఇచ్చేసేదాన్ని కదక్కా. ఎందుకడగలేదు?"

దిమ్యానా మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా, ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది.

"అడిగితే లేదనేదానివి," అంది. "ఒకసారి లేదన్నాక, మళ్ళీ అవునని చెప్పడానికి నీకు నోరు రాదు. జన్మంతా ఆ అబద్ధం మీదే కూర్చోవాలి. నాకున్నది ఒక్క తోడికోడలు. అందుకని అడగలేదు."

సందు మొదట్లో బండి హారన్ వినిపించింది. మెట్లు మళ్ళీ వదీవి కాబట్టి ఆ బండి ఈసారి దిమ్యానా గుమ్మం ముందే ఆగుతుంది. ముందు లేవాల్సింది ఆవిడే. లేచి, బట్టలు దులుపుకుని, ఇంకా కిందే కూర్చుని ఏడుస్తున్న బదీఆ వైపు చెయ్యి చాచింది.

"లేవ్వే. మనవాళ్ళొచ్చారు. సంచులు దింపాలి."